ఆటలో వ్యాయామం – అర్ధశక్తి నియమం

వీడియో గేమ్ అనగానే కదలక మెదలక తెర ముందు కూర్చున్న పిల్లవాడే మన తలపునకు వస్తాడు. అటువంటి ఆటతో వ్యాయామం చేయవచ్చునంటే పెద్దలు నవ్వడం సహజం. కాని దీనిని నవ్వి త్రోసిపుచ్చరాదని నా అభిప్రాయం.

2007లో జపానులో నింటెండో సంస్థ వెలువరించిన ‘వీ ఫిట్’ ఆటలో ఒక పలకపై నిలబడి వ్యాయామం చేయాలి. శరీరభారం ఏ వైపునకు ఒరుగుతున్నదో ఆ పలక గ్రహించి తెరపై చూపుతుంది. వృక్షాసనం, సూర్యనమస్కారం కూడా అందులో ఉన్నాయి. 2019లో వచ్చిన ‘రింగ్ ఫిట్ అడ్వెంచర్’లో చేతులతో ఒక వలయాన్ని నొక్కుతూ, లాగుతూ, తొడకు పట్టీ కట్టుకుని ఉన్నచోటనే పరుగెత్తుతూ, బస్కీలు తీస్తూ ఆటను గెలవాలి.

శరీరానికి స్థిరత్వాన్నీ బలాన్నీ కలిగించే చేష్టయే వ్యాయామమని చరకుడు నిర్వచించాడు. ఆ చేష్ట గోదాలో జరిగినా, టీవీ ముందు జరిగినా ఫలం ఒక్కటే. వీధిలో నడిచే వీలులేని స్త్రీలకు, ఇరుకు ఇళ్లలో నివసించే ఉద్యోగులకు ఈ సాధనం ఉపకరిస్తుందనడంలో సందేహం లేదు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఉత్సాహం లేనిదే ఆ నియమం నిలవదు. ఆట ఆ ఉత్సాహాన్ని ఇస్తుంది.

అయితే చిక్కు కూడా ఆ ఉత్సాహంలోనే ఉన్నది. ‘మరొక్క మెట్టు’ అని ఆట పిలుస్తుంది. ‘సగం బలం వరకే’ అని ఆయుర్వేదం ఆపుతుంది. నుదుట, ముక్కుపై, చంకలలో చెమట పట్టి, నోరు ఎండి, నోటితో శ్వాస తీయవలసి వచ్చినప్పుడు అర్ధశక్తి ముగిసిందని గ్రహించాలి. అది మీరితే దప్పిక, ఆయాసం, దగ్గు, జ్వరం కలుగుతాయని వాగ్భటుడు హెచ్చరించాడు. వ్యాయామం శీతకాలంలోనూ వసంతంలోనూ బాగా చేయవచ్చు; గ్రీష్మంలో తగ్గించాలి. రాత్రి నిద్ర చాలలేదనీ, తిన్నది అరగలేదనీ తెరకు తెలియదు. ఆ సంగతి మీ శరీరానికే తెలుసు. కనుక తెరపైని అంకెలకు కాక చెమటకూ శ్వాసకూ విలువ ఇవ్వండి.

ఆటకు ముందు నువ్వులనూనె మర్దన మంచిది. కాని అరచేతులు, అరికాళ్లు శుభ్రంగా తుడుచుకోవాలి. లేనిచో జారిపడే ప్రమాదం కలదు. చెమట ఆరిన తరువాత సున్నిపిండితో నలుగు పెట్టుకుని గోరువెచ్చని నీటితో స్నానం చేయాలి. భోజనమైన వెంటనే ఆడరాదు. గుండెజబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవారు, గర్భిణులు, మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుని అడిగిన తరువాతనే ప్రారంభించాలి.

ఈ పరికరాలు కొనే స్తోమత లేనివారు చింతించనవసరం లేదు. దండాలకూ, బస్కీలకూ, సూర్యనమస్కారాలకూ పైసా ఖర్చు లేదు. సాధనం ఏదైనా సరే, ఎప్పుడు ఆపాలో నిర్ణయించే అధికారాన్ని మాత్రం యంత్రానికి అప్పగించకండి.