జీనోమ్ వ్యాలీ పక్కన తామర

శామీర్‌పేట దాటితే జీనోమ్ వ్యాలీ. కోవాగ్జిన్ ఇక్కడిదే. మరి చుట్టున్న పల్లెలల్ల తామరకు మందేంది? మెడికల్ షాపోడు చేతుల పెట్టే స్టెరాయిడ్ ట్యూబు! రెండ్రోజులు దురద తగ్గుతది, ఫంగస్ మాత్రం పాకుతనే ఉంటది. చీటీ లేకుండ ఈ పూతమందులు అమ్మొద్దని 2018లనే కేంద్రం చెప్పింది. విన్నదెవరు?

ముదిరిన రకానికి 2020ల ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టిన్రు. ఘనంగ మన దేశం పేరే! టెర్బినాఫిన్ గోలీలకు చాలాసార్లు లొంగదు.

పరీక్షకేం కావాలె? గీకిన చర్మంపొట్టు, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క, మైక్రోస్కోపు. టీబీ తెమడ చూసే సర్కారు దవాఖానల ఇది ఎందుకు కాదు? మేడ్చల్ కంపెనీలల్ల చెమటల తడిసే కూలీకి ఇట్రాకొనజోల్ వారాలకొద్ది కొనే తాకత్ ఉన్నదా? ఉచితంగ ఇయ్యాలె. ఇంట్ల అంటుకున్నోళ్లందరికీ ఒక్కపారే వైద్యం చెయ్యాలె. చీటీ లేని ట్యూబులమ్మే దుకాణాలపై దాడులు ఎప్పుడో అధికారులు చెప్పాలని మేం నిలదీస్తున్నం.