ఇంటి యంత్రములు: టైమింగు బెల్టు

ఈ మాసమున వాకిట నిలిచియుండు కారును గూర్చి వ్రాయుచున్నాను. "కారు సంగతి మగవారు చూచుకొందురు గదా" యని పుట త్రిప్పివేయకుడు. నేడు మన కర్నూలు, కడప సీమలలో స్టీరింగు పట్టిన స్త్రీలు అరుదు కారు. పట్టనివారి చేతను ఇంటి లెక్కల పుస్తకమున్నది. నేను చెప్పబోవు విషయమునకు ఆ పుస్తకమే ముఖ్యము.

మొన్న మే మాసమున మా మామగారిని కంటి శస్త్రచికిత్సకై కడపనుండి కర్నూలునకు తీసికొనిపోవుచుంటిమి. బండి రెండేండ్ల క్రిందట కొన్న సెకండు హాండు డీజిలు కారు. నడుపుచున్నది నేను. మైదుకూరు, చాగలమర్రి దాటితిమి. ఆళ్ళగడ్డ యింక కొంత దూరముండగా, దీపమూదినట్లు ఇంజను ఆగిపోయినది. బండిని రోడ్డు ప్రక్కకు తీసి, అందఱును చేయు పనియే నేనును చేసితిని: మరల మరల సెల్ఫు కొట్టితిని. సెల్ఫు ఎన్నడును లేనంత తేలికగా గిరగిర తిరిగినదే గాని ఇంజను అందుకొనలేదు. ఎండ నిప్పులు చెఱుగుచున్నది. మామగారిని, తోడుగా మా వారిని కర్నూలు పోవు ఆర్టీసీ బస్సెక్కించి, నేను బండివద్ద నిలిచితిని. సాయంకాలమునకు షెడ్డు చేరితిమి. మెకానిక్కు పైమూత విప్పి చూచి అడిగిన మొదటి మాట యిది: "బెల్టు తెగిపోయింది అక్కా. తెగినంక సెల్ఫు ఎన్నిసార్లు కొట్టినారు?"

ఆ ప్రశ్నలోని భయమేమో తెలియుటకు ఇంజను పని కొంత తెలియవలెను. పిస్టనులు క్రిందుమీదుగా ఆడుచు క్రాంకు షాఫ్టును త్రిప్పును. గాలి లోనికి వచ్చుటకును, పొగ వెలుపలికి పోవుటకును పైన వాల్వులు తెఱచి మూసికొనును. వానిని నడుపునది క్యాము షాఫ్టు. క్రాంకు రెండు చుట్లు తిరుగుసరికి క్యాము సరిగా ఒక్క చుట్టు తిరుగవలెను. ఈ రెంటిని జోడించు పండ్ల రబ్బరు పట్టీయే టైమింగు బెల్టు. పిండిమర బెల్టు కొంచెము జాఱినను పిండి ఆలస్యమగును, అంతే. ఇచట ఒక్క పన్ను జాఱినను లెక్క తప్పును. ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునపుడు ఒక్కొక్క వాల్వు సెకనునకు 25 మార్లు తెఱచుకొనును. అనేకములైన ఇంజనులలో, ముఖ్యముగా డీజిలు ఇంజనులలో, వాల్వు తప్పుకొన్న చోటికే పిస్టను పైకి వచ్చును. బెల్టు తెగినచో క్యాము నిలిచిపోవును, పిస్టను వచ్చి తెఱచియున్న వాల్వును కొట్టును. మా బండిలో వాల్వులు వంకరపోయి హెడ్డు దింపవలసి వచ్చినది. తెగిన క్షణముననే కొన్ని వంగియుండును. నా సెల్ఫు మఱికొన్నింటిని వంచెనేమో, ఎవరు చెప్పగలరు?

కావున నడుచుచున్న బండి హఠాత్తుగా ఆగిపోయినచో ఒక్కమారు, అదియు రెండు క్షణములు మాత్రమే, సెల్ఫు కొట్టి చెవియొగ్గి వినుడు. మామూలుగా సెల్ఫునకొక లయ యుండును: పిస్టను గాలిని నొక్కునపుడెల్ల కొంచెము బరువెక్కి మరల తేలికపడును. డీజిలు అందక ఆగిన బండిలోను ఆ లయ యుండును. అది పోయి ఏకధారగా తిరిగినను, ఏదో ఇనుము తగిలిన చప్పుడైనను తాళము తీసివేసి, బండిని లాగించుకొనిపోవుటయే మేలు. గేరులో వేసి త్రోయింపనే కూడదు.

తెగకమున్ను ఏమియు తెలియదా? కొంత తెలియును. బెల్టు ఒక పన్ను దాటినచో బండి స్టార్టగుట కష్టమగును, నిలిపియున్నపుడు వణకును, నంద్యాల గిద్దలూరు ఘాటువంటి యెక్కుడులో పికప్పు ఉండదు, ఇంజను దీపము వెలుగవచ్చును. ఈ గుణములు ఇతర జబ్బులకును గలవు. అందుచే ఇంజెక్టర్లకు డబ్బు పోయకమున్ను, క్రాంకు, క్యాము గుర్తులు కలియుచున్నవో లేదో చూడుమని మెకానిక్కును అడుగుడు. ఉదయమునగాని, ఏసీ వేయగానేగాని కీచుమను చప్పుడు తఱచుగా వెలుపలి ఫ్యాను బెల్టుది. టైమింగు బెల్టునకు పండ్లుండుటచే అది జాఱి కీచుమనదు. దానిని బిగించు టెన్షనరు బేరింగు అరిగినపుడు మాత్రము గరగరమను మ్రోత పుట్టి ఇంజను వేగముతో హెచ్చును. వెలుపలి బెల్టును తీసి ఒక్క క్షణము ఇంజను నడిపించినచో రెంటికిని భేదము తెలియును. మూత ప్రక్కన నూనె తడియైనను, వాటరు పంపునుండి నీరు కాఱినను ఉపేక్షింపరాదు. నూనె రబ్బరును మెత్తబఱచును.

ఇక కంటితో చూచి "బెల్టు బాగున్నది" యనుట నేను నమ్మను. పూర్వపు బెల్టులు బీటలువాఱి చెప్పెడివి. ఇప్పటి గట్టి రబ్బరు బెల్టులు బీటలు లేకయే ముసలివగును. దీనికి నిజమైన పరీక్ష వయస్సే. కంపెనీ పుస్తకములో ఇన్ని కిలోమీటర్లు లేక ఇన్ని యేండ్లు, ఏది ముందైన అది, అని వ్రాసియుండును. బండినిబట్టి అది 60,000 మొదలు 1,50,000 వఱకు నుండును. దుమ్మునకు, వేడిమికి తక్కువ గడువు వేఱుగా వ్రాసినచో మనకు వర్తించునది అదియే. బేతంచెర్ల, ఎఱ్ఱగుంట్ల ప్రాంతముల నాపరాతి దుమ్ము, వేసవి వేడిమి యెఱిగినవారికి వేఱుగ చెప్పనేల?

అన్ని బండ్లకును బెల్టుండదు. పాత అంబాసిడరునకు చైను. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800కు బెల్టు. మన ప్రక్క ఊరూరను కనబడు ఇన్నోవా సంగతి చిత్రము: 2005లో వచ్చినదాని 2.5 లీటర్ల డీజిలు ఇంజనునకు బెల్టు, 2016లో వచ్చిన క్రిస్టా డీజిలునకు చైను. ఆ పాత ఇన్నోవాల మీటరుపై టీ-బెల్టు అను దీపము గలదు. అది కిలోమీటర్ల లెక్కకు వెలుగునేగాని బెల్టును పరీక్షించి వెలుగదు. బెల్టు మార్పకయే దీపమును ఆర్పవచ్చును. సెకండు హాండు కొనువారు ఈ మాట మఱవకుడు. మాకు బండి యమ్మినవారు "మొన్ననే మార్పించినాము" అనిరి. బిల్లు అడుగుటకు మేము మొగమాటపడితిమి. ఆ మొగమాటము బెల్టు మార్పించు ఖర్చునకు ఎన్నో రెట్లయినది. బిల్లు లేనిచో మార్పనట్లే యెంచి, కొన్న వారమే క్రొత్తది వేయించుడు.

వేయించునపుడు బెల్టుతోబాటు టెన్షనరును, ఆ బెల్టే నడుపునదైనచో వాటరు పంపును మార్పించుడు. క్రొత్త బెల్టును మడచి పెట్టనీయకుడు. లోపలి గాజునార విఱుగును. బిగించిన పిమ్మట సెల్ఫు కొట్టకమున్ను క్రాంకును పానాతో చేతనే రెండు చుట్లు త్రిప్పి గుర్తులు చూడవలెను. ప్రక్కన నిలిచి త్రిప్పించుడు. మంచి మెకానిక్కు దానికి కోపగింపడు.

మామగారు ఆనాడు ఆలస్యముగా చేరుటచే శస్త్రచికిత్స మఱొక దినమునకు వాయిదా పడినది. ఇప్పుడు మా లెక్కల పుస్తకపు మొదటి పుటలో బెల్టు వేసిన తేది, కిలోమీటర్లు, మరల మార్పవలసిన తేది వ్రాసి, బిల్లును అక్కడనే అంటించితిని.