ఎదురుచూచే ఇల్లాలికి తోడు



సైన్యంలో పనిచేసేవాడు సెలవుకు వస్తే ఊరంతా పలకరిస్తుంది. అతడు తిరిగి వెళ్లాక ఇంట్లో మిగిలిన భార్యను మాత్రం మనం అంతగా తలచుకోము. ఈ నెల యుద్ధవిమానాలు నడిపేవారి భార్యలను గురించి, వారి మధ్యనుండే అనుబంధాన్ని గురించి ఆలోచిద్దాం. ఇది అమెరికాలో జరిగిన సంగతి. అయినా మన ఇళ్లకు పనికివచ్చేదే.

యుద్ధవిమానాలు నడిపేవారిని చిన్న చిన్న దళాలుగా ఏర్పరుస్తారు. ఒక్కొక్క దళాన్ని స్క్వాడ్రన్ అంటారు. నౌకాదళపు స్క్వాడ్రన్‌లు పెద్ద ఓడనెక్కి నెలల తరబడి సముద్రం మీదనే ఉంటాయి. ఒడ్డున మిగిలేది భార్యలు, బిడ్డలు. కన్నవారు దూరం, పుట్టిన ఊరు దూరం. అందుచేత ఆ స్త్రీలే ఒకరికొకరు అక్కచెల్లెళ్లవుతారు. ఒకరికి పురుడు వస్తే ఇంకొకరు పెద్దబిడ్డకు అన్నం పెడతారు. అధికారి భార్యను మిగిలినవారు పెద్దక్కగా ఎంచుతారు. దుర్వార్త తెచ్చే కారు వీధిలోకి వస్తే అది ఎవరి గుమ్మం ముందు ఆగుతుందోనని అందరి గుండెలూ ఒక్కసారే కొట్టుకుంటాయి.

సిబిల్ స్టాక్‌డేల్ అటువంటి పెద్దక్క. కాలిఫోర్నియాలోని కొరొనాడోలో నలుగురు కుమారులతో కాపురముండేవారు. ఆమె భర్త జేమ్స్, ఒరిస్కనీ అనే ఓడ మీది స్క్వాడ్రన్‌లన్నిటికీ అధిపతి. 1965 సెప్టెంబరు 9న ఉత్తర వియత్నాంలో ఆయన విమానం కూలింది. ఆయన బందీ అయ్యారు.

ఈ సంగతి బయట మాట్లాడవద్దని ప్రభుత్వం బందీల భార్యలకు చెప్పింది. మాట్లాడితే అక్కడ మీ భర్తలకే కీడు జరుగుతుందన్నది. ఆ మాటతో ప్రతి స్త్రీ తన ఇంట్లో తానే బందీ అయింది. అటు సుమంగళి కాదు, ఇటు విధవరాలు కాదు. భర్త సంతకం కావలసిన కాగితాలెన్నో ఆగిపోయాయి. ఓడ తిరిగివచ్చింది, తోటివారి భర్తలు దిగివచ్చారు, ఆ కుటుంబాలు బదిలీ మీద వేరే ఊళ్లకు వెళ్లిపోయాయి. తండ్రి ఎప్పుడు వస్తాడని బిడ్డలడిగితే తల్లి వద్ద జవాబు లేదు.

సిబిల్ తనవంటి స్త్రీలను వెదకి తన ఇంటికి పిలిచారు. స్క్వాడ్రన్‌లో నేర్చిన అక్కచెల్లెళ్ల వరుసనే ఇక్కడా కలిపారు. ఎవరికి ఉత్తరం వచ్చింది, ఎవరి బిడ్డకు జ్వరం, ఎవరికి జీతం కాగితం ఆగింది అని ఒకరి బరువు ఒకరు పంచుకున్నారు. ఒంటరిగా భయపడినవారికి కలిసి మాట్లాడే ధైర్యం వచ్చింది. 1968 అక్టోబరులో సిబిల్ తన సంగతి పత్రికకు చెప్పారు. 1969లో పారిస్ వెళ్లి ఉత్తర వియత్నాం ప్రతినిధులనే కలిసి అడిగారు. 1970లో ఈ కుటుంబాలన్నీ దేశమంతటికీ ఒక సంఘంగా ఏర్పడ్డాయి. 1969 చివరి నుండి చెరలో హింస తగ్గిందని తిరిగివచ్చినవారు చెప్పారు. ఈ స్త్రీలు గొంతెత్తడం దానికి ఒక కారణమని పలువురి అభిప్రాయం.

1973 ఫిబ్రవరి 12న, ఏడున్నర సంవత్సరాల తరువాత, జేమ్స్ విడుదలయ్యారు. ఆ ఏడాది మొత్తం 591 మంది ఇంటికి చేరారు. అందరూ చేరలేదు. 1970 జనవరిలో కనబడకుండా పోయిన ఒక విమానచోదకుని భార్య మేరీ హాఫ్. తప్పిపోయినవారి జ్ఞాపకార్థం ఒక జెండా ఉండాలని అడిగింది ఆమెయే. ఆ నల్లని జెండా నేటికీ అక్కడి ప్రభుత్వ భవనాల మీద ఎగురుతున్నది. ఆమె భర్త మాత్రం తిరిగి వచ్చినవారిలో లేరు. భర్తలు వచ్చినవారు రానివారిని విడిచిపెడితే ఆ సంఘం 1973లోనే ముగిసేది. అది ముగియలేదు.

ఇటువంటి ఎదురుచూపు మన తెలుగువారికీ వచ్చింది. 2016 జులై 22న చెన్నై వైపు నుండి పోర్ట్ బ్లెయిర్ వెళ్తున్న వాయుసేన విమానం 29 మందితో బంగాళాఖాతం మీద కనబడకుండా పోయింది. వారిలో 8 మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధాగారపు ఉద్యోగులు. సముద్రపు అడుగున దాని శకలాల జాడ తెలిసినది 2024 జనవరిలో. ఇక్కడా ఏడున్నర సంవత్సరాలే.

కష్టం వచ్చిన వారంలో అందరం వెళ్తాము. ఆరవ నెలలో ఎవరు వెళ్తారు? మూడవ ఏట ఎవరు వెళ్తారు? సరిహద్దులో గాని, గల్ఫ్‌లో గాని భర్త ఉన్న ఇల్లాలు మీ వీధిలో ఉంటే, "ఏమైనా తెలిసిందా అమ్మా?" అని మాత్రమే అడిగి రావద్దు. బ్యాంకు పని ఉంటే తోడు వెళ్లండి. పంట కోతనాడు ఒక మనిషి సాయం పంపండి. ఆమె బిడ్డను మీ బిడ్డతో బడికి తీసుకువెళ్లండి. మంచిరోజులలో ఇటువంటి చిన్న పనులతో కలిసినవారే చెడ్డరోజున నిలబడతారు. మీ ఇంట పండుగ జరిగిననాడు, రానివాని ఇంటి తలుపు మరువకుండా తట్టండి. ఇదే మా మనవి.