రబ్బరు కప్ప

ఆదోనిలో కాపురముంటూ గాలం సరదా పెట్టుకున్నానంటే నవ్వనివారు లేరు. "సముద్రం వందల మైళ్ళు. దూది మార్కెట్టులో పడతావా చేపల్ని?" అంటారు. మా ఆవిడ ప్రశ్న మరీ సూటి: "ఇంట్లో వండం గదా, పట్టడం దేనికి?"

సముద్రతీరాల్లో సన్నని దారానికి బొమ్మ ఎర కట్టి, ఎగిరి దూకే చేపలతో పెనుగులాడే వేడుక వుంది. మాకా ముచ్చట తీర్చేది కొర్రమీను. మొప్పలు చాలక, తలలోని మరో అరతో గాలి పీల్చడానికి మాటిమాటికీ పైకి వస్తుంది. కప్పంటే ప్రాణం. తుంగలో రబ్బరు కప్పను విసిరి గెంతించామా, నీళ్ళు పగిలేటట్టు వచ్చి పడుతుంది. హెచ్.ఎస్. థామస్ అనే మద్రాసు సివిల్ సర్వీసు దొర 1873లోనే మన దేశంలో గాలం వేటను గురించి 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే పుస్తకం వేశాడు. ఆ మాట చెబితే ఇంట్లో కాస్త మర్యాద దక్కుతుందేమోననుకున్నాను, దక్కలేదు.

నా గురువు మాత్రం దొర కాడు, ఎమ్మిగనూరు మగ్గం మనిషి. నూలుపోగు ఎంతవరకు ఓర్చుకుంటుందో ఆయన వేళ్ళకు తెలుసు. చేప ఎగిరినప్పుడు కర్ర కొస దించి దారం వదలాలి. నీళ్ళలో పడగానే బిగించాలి. బిగబట్టుకు కూర్చుంటే చేప బరువంతా దారం మీద పడి తెగుతుంది.

పోయిన వానాకాలం గాజులదిన్నె జలాశయం అంచున, నీటిమీద కుంకుమ చల్లినట్టు ఒక ఎర్రని మచ్చ కదులుతూ కనిపించింది. కొర్రమీను పిల్లల గుంపు! తల్లో తండ్రో కిందే కాపలా వుంటుంది. గురువుగారు అటు తిరిగివున్నారు. కప్పను సరిగ్గా అక్కడికే విసిరాను. మూడోసారికి పట్టింది. రెండుసార్లు ఎగిరింది. దారం వదిలాను, బిగించాను, ఒడ్డుకు తెచ్చాను. మెప్పుకోసం చూస్తే ఆయన చేపను చూడటం లేదు, ఆ మచ్చను చూస్తున్నాడు.

"అది ఆకలికి రాల్యా సార్. పిల్లల కాడికి వచ్చిన కప్పను తరమను వచ్చింది."

"వదిలేద్దామనే అనుకున్నానన్నా," అన్నాను. అది పచ్చి అబద్ధం. పక్కింటివారికి చూపించాలని అప్పటికే సంచీ తెరిచాను.

చేతులు తడిపి, గాలం తీసి, నీళ్ళలో వదిలాను. పిల్లల వైపే పోయిందన్నాడాయన. నీటి తళుకులో నాకు కనిపించలేదు. ఆ రాత్రే గాలాల ముళ్ళన్నీ ఆకురాయితో అరగదీశాను.

అంతకుముందే మా ఆవిడ ఖాళీ సంచీ చూసి, "ఇవాళా పడలేదా?" అంది.

పడిందనే చెప్పాను. నమ్మలేదు.