వద్దనే ముందు...

"నాన్నా, నేను పుస్తకాల ఎడిటర్‌నవుతాను" అంది మా అమ్మాయి. కోడింగ్ తప్ప మరో దారి తెలియని నాకు గుండెల్లో రాయి పడింది.

విచారిస్తే తెలిసింది, దీనికీ చదువుందని! 1947లో రాడ్‌క్లిఫ్‌లో మొదలైన ప్రచురణ కోర్సు 2001లో కొలంబియా యూనివర్సిటీకి మారింది. డెన్వర్ యూనివర్సిటీ కోర్సు 1976 నాటిది. ఫీజులు, బస ఖర్చులు భారమే. అందుకే స్కాలర్‌షిప్పుల గురించి ముందే అడగాలి. 2014లో పుట్టిన 'వుయ్ నీడ్ డైవర్స్ బుక్స్' సంస్థ ప్రచురణ సంస్థల్లో ఇంటర్న్‌షిప్ చేసే మైనారిటీ వర్గాల పిల్లలకు గ్రాంట్లిస్తూ వచ్చింది.

అవసరమెందుకంటారా? లీ అండ్ లో ప్రచురణ సంస్థ 2019 సర్వేలో జవాబిచ్చిన ప్రచురణ ఉద్యోగుల్లో 76 శాతం తెల్లవారే. మన ఇళ్ళ కథలను ఎంచే కుర్చీల్లో మన పిల్లలూ ఉండొద్దూ?

మీ ఇంట్లోనూ పుస్తకాల పురుగుందా? "వద్దు" అనేముందు దరఖాస్తు గడువు చూడండి. నేనూ అదే చేశాను.