దీవికే పోదాం, కాని ఏ దీవికి?

ఈసారి ఫైనలియర్ విహారయాత్ర ఎక్కడికి అన్న చర్చ యూనియన్ గదిలో మొదలై, నోటీసు బోర్డు మీద గీతలు గీసి ఓట్లు లెక్కపెట్టుకునే దాకా పోయింది. హంపి, ఊటీ, గోవా ప్రతి ఏడూ వినే పేర్లే. ఈ ఏడు కొత్తగా ఒక మాట పుట్టింది: దీవి. చిన్న దీవి, జనం లేని దీవి, కొబ్బరిచెట్లు, తెల్లని ఇసుక, నాలుగు రోజుల నిశ్శబ్దం. 2024 జనవరిలో ప్రధానమంత్రి లక్షద్వీప్‌కు పోయి ఫోటోలు దిగిన తర్వాత, మాల్దీవులు గొప్పా లక్షద్వీప్ గొప్పా అని దేశమంతా కొట్లాడుకున్నది మీకు తెలుసు. ఆ కొట్లాట చల్లారింది గాని దాని నిప్పురవ్వ మన హాస్టలు వరండాలో ఇంకా రగుల్తనే ఉంది.

నేనెవరి పక్షమో ముందే చెప్తే పాఠకులకు పని తేలిక. నేను దీవి పక్షమే. కాని నేను చెప్పే దీవి వేరు.

మన రెండు జిల్లాలవాళ్లకు (ఇప్పుడు రెండు కాదు, ఎనిమిదో తొమ్మిదో ముక్కలయినయి గాని, మన నోటికి ఇంకా రెండే) ఊరు విడిచి పోవుడు కొత్తేం కాదు. కాకపోతే ఇన్నాళ్లూ మనం పోయిన పోకడలు రెండే. ఒకటి మొక్కు: కురుమూర్తి జాతరకో, మన్యంకొండకో, చెర్వుగట్టుకో, జాన్‌పహాడ్ దర్గాకో. రెండోది వలస: 'పాలమూరు లేబరు' అన్న పేరు నెత్తిన పెట్టుకొని బొంబాయికో పుణెకో, డ్యాములు కట్టను, కాల్వలు తవ్వను దేశం నాలుగు మూలలకో. మొక్కూ లేక, కూలీ లేక, ఊకె పోయి ఊకె కూసొని వచ్చుడు అనే మూడో రకం ప్రయాణం మన ఇండ్లలో చాలామటుకు మన తరంతోనే మొదలైంది. దీవికి పోదామంటున్నరని ఇంట్ల చెప్తే మా అమ్మ అడిగింది: "ఆడ ఏం దేవుడున్నడు బిడ్డా?" దేవుడు లేడన్నాను. "మరి పనేమన్న ఉన్నదా?" పనీ లేదన్నాను. "అయితే ఎందుకు పోతున్నట్టు?"

నవ్వకండి. ఈ ప్రశ్నకు మన బోర్డు మీద గీతలు గీసినవాళ్లలో ఎవరూ జవాబు రాయలేదు. విశ్రాంతి పాపమని నేననను. మా తాతకు విశ్రాంతి దొరకలేదు కాబట్టి నాకూ వద్దనే వాదం ఎప్పుడూ నాకు రుచించలేదు. ఒక్క గదిలో ఆరుగురు, పొద్దున కోచింగు, రాత్రి నోట్సు, మధ్యలో ఫోను. చెవులకు కాసింత నెమ్మది కావాలని ఎవరికుండదు? నా ప్రశ్న ఒక్కటే. మనం కొనుక్కోబోయే ఆ నెమ్మది ఎట్లా తయారయింది? ఎవరు లేకపోతే అది నెమ్మది అయింది?

లక్షద్వీప్ సంగతే చూడండి. మొత్తం 36 దీవులు, జనం ఉండేది పదింట్లో. అన్నీ కలిపినా నేల 32 చదరపు కిలోమీటర్లు, అంటే మన వైపు ఒక మండలమంత కూడా లేదు. 2011 లెక్కల ప్రకారం అరవై నాలుగు వేల పైచిలుకు జనం. పోవాలంటే ముందే అనుమతి కాగితం తీసుకోవాలె, కొచ్చి నుంచి ఓడ ఎక్కాలె, లేదంటే అగత్తికి విమానం. తాగే నీళ్లు? పగడపు నేల అడుగున, ఉప్పునీటి మీద తేలుతున్న పల్చటి మంచినీటి పొర. ఎక్కువ తోడితే ఉప్పెక్కుతది. అందుకే 2005లో కవరత్తిలో సముద్రపు నీటి నుంచి రోజుకు లక్ష లీటర్ల మంచినీళ్లు తీసే యంత్రాగారం పెట్టుకున్నారు. యాత్రికుడు రెండు పూటలా స్నానం చేసే బకెట్టు ఆ పొరలోంచో ఆ యంత్రంలోంచో రావాల్సిందే. ఫ్లోరైడు బోరునీళ్లు తాగి నడుములు వంగిన మనుషుల్ని చూస్తూ పెరిగిన నల్లగొండ పిల్లలకు ఈ బకెట్టు లెక్క ఎవరూ విడమరిచి చెప్పనక్కర లేదు.

మాల్దీవులది ఇంకో తీరు. అక్కడ ఒక్కో దీవికి ఒక్కో హోటలు. 2009 దాకా స్థానికులు కాపురముండే దీవుల్లో విదేశీ అతిథులకు బస నడిపే వీలే లేదు. ఊరొక దీవి, విడిదొక దీవి. వంట చేసే మనిషి కనిపిస్తడు, అతని ఇల్లు కనిపించదు. దాన్నే ప్రపంచం ప్రశాంతత అని పేరు పెట్టి కొన్నది. మన ఊర్లల్ల దొర గడీకి కూడా ఇట్లాంటి ప్రశాంతతే ఉండేదని పెద్దలు చెప్తరు.

ఇక మన దీవుల దగ్గరికి వద్దాం. "మనకు దీవులెక్కడివి, ఎండిన చెర్వులు తప్ప?" అని బోర్డు కింద ఎవరో రాశారు. వారి భూగోళం మార్కులెన్నో నాకు తెలియదు గాని, కృష్ణ మన నేలను తాకిన కాడి నుంచి విడిచిపోయే దాకా గడ్డలూ తిప్పలూ దీవులే.

మక్తల్ వైపు పంచదేవ్‌పహాడ్ దగ్గర పుట్టి ఎక్కితే కురుగడ్డ. శ్రీపాద శ్రీవల్లభుని స్థలం, కర్ణాటక కిందికి వస్తది. అక్కడైతే మా అమ్మకు జవాబు దొరుకుతది. అక్కడి నుంచి కిందికి వస్తే గద్వాల దగ్గర గుర్రంగడ్డ. చుట్టూ కృష్ణ, మధ్యలో ఊరు, పొలాలు. చిన్నది, నిశ్శబ్దమైనది, ఎండగా ఉండేది. బోర్డు మీద రాసుకున్న లక్షణాలన్నీ ఉన్నయి. కాని జూరాల గేట్లు ఎత్తిన్రంటే గుర్రంగడ్డకు దారి బంద్. పురిటినొప్పులు, పాముకాటు, పిల్లల పరీక్ష, ఇవేవీ గేట్లు దించేదాకా ఆగవు. ఒక్క వంతెన కోసం ఆ ఊరివాళ్లు ఏండ్ల తరబడి అడిగిన్రు. మనం పైసలిచ్చి కొనాలనుకుంటున్న ఏకాంతం వాళ్లకు వద్దన్నా దొరికేది. వాళ్లను అడిగి చూడండి, అందులో ఎంత మనకు ధారపోస్తరో.

నాగార్జునకొండ అందరికీ తెలుసు, అందుకే ఎవరూ పట్టించుకోరు. మనం దీవి అంటున్నది నిజానికి ఒక కొండ కొస. 1926లో ఆ లోయలో శిథిలాలు బయటపడినయి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్‌కు పునాదిరాయి వేసేనాటికే అక్కడ పెద్ద తవ్వకం నడుస్తున్నది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం బృందం నీళ్లతో పందెం వేసుకొని తవ్వింది. ఇక్ష్వాకుల విజయపురి మునిగింది, ఏరి తెచ్చిన కట్టడాలు కొన్ని కొండ మీద, కొన్ని అనుపులో నిలబడినయి. అక్కడి శాసనాల్లో ఒకటి నాకు మహా ఇష్టం. బోధిసిరి అనే ఉపాసిక సింహళ విహారానికి చేసిన దానాల సంగతి అందులో ఉంది. అంటే సుమారు పదిహేడు వందల ఏండ్ల కింద దీవివాళ్లే మన కృష్ణ ఒడ్డుకు వచ్చి విహారం కట్టుకొని నెమ్మదిగా కూసున్నరు. మనం నెమ్మది కోసం దీవులకు పోవాలని కొట్లాడుకుంటున్నం!

నేను ఓటు వేసింది మాత్రం సోమశిలకు. కొల్లాపురం దాటి నల్లమల అంచున కృష్ణ వెడల్పయ్యే చోటు. అమరగిరి దగ్గర లాంచీ ఎక్కితే చీమలతిప్ప అనే చిన్న దీవి కనబడుతది. చుట్టూ కొండలు, నడుమ నీలం నీళ్లు. ఫోటోలు తీసేవాళ్లు దాన్ని 'మన మాల్దీవులు' అంటున్నరు. ఆ పేరు నాకు నచ్చదు గాని, అందం మీద నాకు పేచీ లేదు.

పేచీ దేనిమీదంటే, ఆ నీలం నీళ్ల కింద ఏమున్నదో ఆ ఫోటోల్లో ఉండదు. శ్రీశైలం ప్రాజెక్టు కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి సుమారు వంద ఊర్లు మునిగినయి. 1981లో ఇండ్లు కూలగొట్టి జనాన్ని లేపిన్రు. నీళ్లు రాకముందే సోమశిల సోమేశ్వరాలయాన్ని, జటప్రోలు మదనగోపాలస్వామి గుడిని, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి, మెరకకు మోసి మళ్లీ నిలబెట్టిన్రు. మంచి పని, కాదనను. రాళ్లకు నెంబర్లు వేసి ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాల్నో చూసుకున్నరు. మనుషులకు మాత్రం ఆ పద్ధతి పాటించలేదు. పక్కింటోళ్లు పక్కింట్ల లేకుండ పోయిన్రు. మా అమ్మ పుట్టిన ఊరు ఆ వందలో ఒకటి. అప్పుడామెకు తొమ్మిదేండ్లు. బావి పక్కన చింతచెట్టు కింద ఆడిన దోస్తు ఏ ఊరికి పోయిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

1986లో 98వ నెంబరు జీవో వచ్చింది. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం. ఆ జీవో నెంబరు కొల్లాపురం ప్రాంతంలో మన హాల్‌టికెట్ నెంబరు కంటె ఎక్కువమందికి నోటికొస్తది. దాని కోసం ధర్నాలు చేసి చేసి వయసు దాటిపోయినవాళ్లు ఎందరో. ఇక 2024లో సోమశిల, నల్లమల పర్యాటక పథకానికి కేంద్రం 68.10 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. నేనడిగేది చిన్న మాట. ఆ డబ్బుతో వచ్చే విడిదిలో కౌంటరు దగ్గర ఎవరు కూసుంటరు? లాంచీ ఎవరు నడుపుతరు? వంటశాల ఎవరి చేతిలో ఉంటది? ముంపు కుటుంబాల పిల్లలకు మొదటి వరస ఇస్తే నేనా పథకానికి జేజేలు కొడతా. వాళ్లను గేటు దగ్గర కావలి పెట్టి, 'మాల్దీవులు' అన్న బోర్డు తగిలిస్తే, పేరు నిజంగానే సరిపోతది. ఒడ్డున చేపలు పట్టేవాళ్ల సంగతీ అంతే. సన్న కన్నుల అలివి వలలతో పిల్లచేపల్ని కూడా ఊడ్చేసే గుత్తవ్యాపారుల మీద వాళ్లు ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నరు. రేపు దీవి చుట్టూ 'అతిథులకు అసౌకర్యం' అని వాళ్ల పుట్టీలనే ఆపకుండా చూడాలె.

మన కార్యదర్శి మిత్రుడు దీనికి ఒక అభ్యంతరం చెప్పిండు. "మూడేండ్లు పాఠాలు విని అలిసినం. విహారయాత్రకు పోయి మళ్లీ పాఠమా? ముంపు మీద కూసొని ఏడువాల్నా?" అభ్యంతరం సబబైందే. ఏడువమని ఎవరన్నరు? ఈత వచ్చినోళ్లు ఒడ్డున ఈత కొట్టండి, చేపల పులుసు తినండి, పాటలు పాడండి. మా అమ్మ కూడా ఆ నీళ్లు చూసినప్పుడల్లా ఏడువదు. 2016 పుష్కరాలకు సోమశిలలో మునిగి లేచి, "మా ఇంటి మీద స్నానం చేసిన" అని నవ్వింది. ఆ నవ్వు అర్థం కావాలంటే ఇంటి సంగతి తెలిసి ఉండాలె. నేను కోరేది అంతవరకే. ఒక్క పూట జటప్రోలులో దిగి, పెద్దమనుషులు నలుగురితో మాట్లాడుదాం. లాంచీ మీద మైకు వద్దు. భోజనం బయటి నుంచి తెచ్చుకోకుండా అక్కడి మహిళా సంఘానికి చెప్పి చేయించుకుందాం. లక్షద్వీప్‌కు పెట్టాల్సిన ఖర్చులో ఇది పావలా వంతు కూడా కాదు. పైకం లేక ప్రతి ఏడూ యాత్ర ఎగ్గొట్టే ఆడపిల్లలు, మెస్ బకాయిలున్నోళ్లు కూడా రావొచ్చు. నా లెక్కలో ఈ ఒక్క కారణమే చాలు.

మిగిలింది ఎప్పుడు పోవాలన్నది. కార్తీకంలో పోతే జలాశయం 885 అడుగుల నిండు మట్టానికి దగ్గరగా ఉండొచ్చు. ఫోటోకు అదే బాగుంటది. పరీక్షలయినంక, ఏప్రిల్‌లో పోతే నీళ్లు లోపలికి గుంజుకుపోయి, అవతల సప్తనదుల సంగమేశ్వరం గుడి బయటికొస్తది, ఇవతల పాత ఊర్ల పునాదిరాళ్లు, బావి గిలకలు నాటిన గుంతలు తేలుతయి. ఎండ ఎక్కువ, అందం తక్కువ. మా అమ్మ తన ఇల్లు గుర్తుపట్టేది ఆ నెలలోనే. ఆమెను కూడా బస్సులో ఎక్కించుకుంటమని కార్యదర్శి మాట ఇచ్చిండు, టికెట్టు నేను పెట్టుకుంటానన్న.

నా ఓటు ఏప్రిల్‌కు. ఒడ్డు నుంచి లాంచీ దాకా చాలా దూరం బురదలో నడవాలె. కొత్త బూట్లు కొననోళ్లు ఇప్పుడే కొనకండి.