వీథిమొక్కలు: మాచిపత్రియు వయ్యారిభామయు

వినాయకచవితికి రెండునాళ్లు ముందు మా చిన్నవాఁడు తెనాలి కాలువగట్టునఁ బత్రి కోసి, "అమ్మా, మాచిపత్రి!" యని సంతోషముతోఁ దెచ్చెను. పూజవేళకు వాని ముంజేతులు దద్దురులు లేచి మండఁజొచ్చెను. అది వయ్యారిభామ.

ఇరువదియొక్క పత్రుల పేరులను వానికిఁ గంఠస్థము చేయించితిని. మొక్కను మాత్రము చూపనైతిని. తప్పు నాదే.

రెంటి యాకులును చీలికలుగానే యుండును. మాచిపత్రి యాకు అడుగునఁ దెల్లని నూఁగుండును, నలిపినఁ బరిమళించును. వయ్యారిభామకు నూకగింజలవంటి తెల్లని పూలుండును. అవి కనఁబడినచో నలుపకుఁడు. అమెరికా ఖండమునుండి వచ్చిన యీ మొక్కను 1950ల దశకమునఁ బుణెలో గుర్తించిరి. పిమ్మట దేశమెల్ల నల్లుకొనెను. పలుమాఱు తాఁకినవారికి దద్దురును, పుప్పొడి పీల్చినవారికి ఉబ్బసమును గలుగవచ్చును.

అట్లని వీథిమొక్కలనెల్ల నేవగింపరాదు. రేపల్లె రైలుకట్టప్రక్క నుత్తరేణి వెన్నును, బాపట్ల యిసుకనేలఁ బల్లేరు పసుపుపూవును, మన గోడవారఁ దుమ్మిపూల తెల్లదనమును జూడుఁడు. ఉత్తరేణియు నా యిరువదియొక్క పత్రులలోనిదే.

ఈ మాసమున బిడ్డను వెంటఁగొని వీథి చివరవఱకు నడువుఁడు. దినమున కొక్క మొక్కను పేరుతోఁ జూపుఁడు. పేరు నోటికి వచ్చినఁ జాలదు. ఆకు కంటికిఁ దెలియవలెను.